చూసేవారికీ ఒక లెక్క ఉండాలి



2023 డిసెంబరు 3న తెలంగాణ శాసనసభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం మారబోతోందని మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. మర్నాడు రాత్రి పోలీసు శాఖలోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, అంటే ఎస్ఐబీ కార్యాలయంలో ముందు సీసీ కెమెరాలు ఆపేశారనీ, తర్వాత కంప్యూటర్లలోంచి హార్డ్ డిస్కులు ఊడదీసి ధ్వంసం చేశారనీ, ఆ ముక్కలు మూసీలో పారేశారనీ అభియోగం. పోలీసు శాఖ తన సొంత అధికారుల మీద మోపిన అభియోగమిది. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైంది. రాజకీయ నాయకులు, వ్యాపారులు, పాత్రికేయుల ఫోన్లు విన్నారన్న ఆరోపణలు దాని వెంట వరుసగా వచ్చాయి. ఒక హైకోర్టు న్యాయమూర్తి ఫోను కూడా విన్నారని పత్రికల్లో వస్తే, హైకోర్టు తనంత తానే ఆ సంగతిని విచారణకు తీసుకుంది. ఎవరు దోషులో, ఎవరు కాదో తేల్చవలసింది న్యాయస్థానం. ఆ పని దానికే వదిలేద్దాం.

ఆ రాత్రి పోయిందేమిటో మాత్రం మనం ఆలోచించవచ్చు. ఎస్ఐబీ ఏర్పడిందే మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి. అలాంటి విభాగం డిస్కుల్లో ఏళ్ల తరబడి కూడబెట్టిన సమాచారం ఉంటుంది. అభియోగమే నిజమైతే, అక్రమంగా విన్నవాటి ఆనవాళ్లు చెరిపేసే తొందరలో సక్రమంగా సేకరించిందీ వాటితో పాటే పోయింది. స్వేచ్ఛ కొంత తగ్గితేనే భద్రత కొంత పెరుగుతుందని పెద్దలు చెబుతుంటారు. ఇక్కడ రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి. ఎవరి ఫోను వింటున్నారు, ఎవరు వినమన్నారు, ఎన్నాళ్లు వింటారు అని బయటినుంచి లెక్క అడిగేవారే లేకపోవడం వల్ల వచ్చిన చేటు ఇది. నిఘా వద్దని నేను అనను. లెక్కాపత్రం లేని నిఘా పౌరుడికీ, దేశానికీ కూడా కీడు చేస్తుందంటాను.

నేనుండేది మౌలాలిలో. ఈ నగరంలో ఉండేవాళ్లకు నిఘా ఎందుకో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1993 జనవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. 1999 సెప్టెంబరులో ఇంకో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను పట్టపగలు ఎస్.ఆర్. నగర్ దగ్గర చంపారు. 2000 మార్చి 7న అప్పటి మంత్రి మాధవరెడ్డి ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు బలయ్యారు. ఘట్‌కేసర్ మా మౌలాలికి అట్టే దూరం కాదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 42 మంది పోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లకు 18 మంది బలయ్యారు. సాయంత్రం పూట బస్సు కోసం నిలబడ్డవాళ్లు, చాట్ తినడానికి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు. ఇలాంటి ఘోరాన్ని ముందే పసిగట్టాలంటే ప్రభుత్వానికి కళ్లూ చెవులూ ఉండాల్సిందే. ఈ మాటను ఒప్పుకోకుండా పౌరహక్కుల గురించి మాట్లాడితే, అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు మన మాట వినవు. వినకపోవడం న్యాయమే.

అదే 2007లో, గోకుల్ చాట్ పేలుడుకు మూడు నెలల ముందు, మే 18 శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. దర్యాప్తు మొదట పాతబస్తీ ముస్లిం యువకుల చుట్టూ తిరిగింది. డజన్ల కొద్దీ కుర్రాళ్లను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారని ఫిర్యాదులొచ్చాయి. కేసులు నిలవలేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే 70 మందికి పరిహారం ప్రకటించింది. అలా ఇవ్వడానికి వీల్లేదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పేలుడు కేసు తర్వాత కేంద్ర దర్యాప్తు సంస్థల చేతికి వెళ్లి పూర్తిగా వేరే దారి పట్టింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు నిందితులు ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. అంటే, మసీదులో బాంబు పెట్టిందెవరో ఈనాటికీ న్యాయస్థానంలో రుజువు కాలేదు. తప్పుడు మనుషుల మీద అనుమానం పెట్టుకుంటే వాళ్ల బతుకులు చెడతాయి. అసలువాడు తప్పించుకుంటాడు కూడా. ఈ రెండో నష్టాన్ని మనం తక్కువగా లెక్కపెడతాం.

అనుమానితుల జాబితాలు ఎలా తయారవుతాయో చూడాలంటే ములుగు జిల్లా తాడ్వాయి వెళ్లాలి. 2022 ఆగస్టులో అక్కడి ఠాణాలో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద, మనం యుఎపిఎ అంటున్నామే, దాని కింద ఒక కేసు నమోదైంది. నిందితులు 152 మంది. ఆ సంగతి బయటికి రావడానికి దాదాపు పది నెలలు పట్టింది. జాబితాలో పౌరహక్కుల కార్యకర్త ప్రొఫెసర్ హరగోపాల్ పేరుంది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరు కూడా ఉంది. ఆయన 2020లోనే కాలం చేశారు. పై అధికారులెవరైనా ఆ కాగితాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివి ఉంటే చనిపోయిన మనిషి నిందితుడయ్యేవాడు కాడు. గగ్గోలు పుట్టాక, 2023 జూన్‌లో, హరగోపాల్ మీద కేసు ఎత్తేయాలని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. పేరున్న ప్రొఫెసరు కాబట్టి పత్రికలు రాశాయి. పేరు లేనివాళ్లు ఇలాంటి జాబితాలో ఉంటే ఎవరు రాస్తారు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఫోను వినాలంటే చట్టం ప్రకారం ఎవరి అనుమతి కావాలి?

టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిది. అందులో అయిదో సెక్షను రెండో ఉపసెక్షను ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజల భద్రతకు ముప్పు గానీ ఉంటేనే సందేశాలను మధ్యలో పట్టుకోవాల్సి ఉండేది. అది కూడా దేశ సమగ్రత, రాజ్య భద్రత, శాంతిభద్రతల వంటి కొన్ని కారణాలకే. చట్టం ఉన్నా, దాన్ని ఎలా అమలు చేయాలన్న పద్ధతి వందేళ్లు దాటినా రాలేదు. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని గొడవ లేచినప్పుడు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. అప్పటికి ఆ సంస్థ జాతీయ అధ్యక్షుడు మన కన్నబిరాన్ గారు. ఎమర్జెన్సీ తర్వాత ఏళ్ల తరబడి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘాన్ని నడిపి, ఎన్‌కౌంటర్ల మీద కోర్టుల్లో కొట్లాడిన మనిషి.

ఫోనులో మాట్లాడుకునే మాట మనిషి ఆంతరంగిక జీవితంలో భాగమని ఆ తీర్పు చెప్పింది. కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలంది. ఉత్తర్వు గడువు రెండు నెలలు, పొడిగించినా ఆరు నెలలు మించరాదంది. ప్రతి ఉత్తర్వునూ ఒక సమీక్షా సంఘం చూడాలంది. 2007లో 419ఎ నిబంధనగా ఈ ఏర్పాటు పుస్తకాల్లోకి ఎక్కింది. 2023 నాటి కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు కూడా ఇదే బాటలో నడిచాయి.

చూడ్డానికి బాగానే ఉంది. ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి, ప్రభుత్వాధికారి. సమీక్షించే సంఘంలో రాష్ట్ర స్థాయిలో ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. వాళ్లూ ప్రభుత్వాధికారులే. వినేది పోలీసులు. వాళ్లూ ఆ ప్రభుత్వం కిందివాళ్లే. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న వాదనను 1996లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టంలో అలాంటి ఏర్పాటు లేనప్పుడు తాము దాన్ని పెట్టలేమంది. చట్టసభ ఆ ఏర్పాటు చేయలేదు.

మా మౌలాలిలో రైల్వే జోనల్ శిక్షణ సంస్థ ఉంది. స్టేషన్ మాస్టర్లు, గార్డులు అక్కడ పాఠం నేర్చుకుని వెళతారు. బండి నడిపే డ్రైవరు తనకు తానే లైన్ క్లియర్ ఇచ్చుకోకూడదన్నది ఆ పాఠాల్లో మొదటిది. ఎంత అనుభవమున్న డ్రైవరైనా, ఎంత తొందరలో ఉన్నా, ముందున్న స్టేషను సరేననాలి, సిగ్నలు పడాలి, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దాటాడో రిజిస్టరులో ఎక్కాలి. డ్రైవరు మీద అపనమ్మకం ఉండి పెట్టిన ఏర్పాటు కాదది. వెనక వెయ్యిమంది ప్రయాణికులున్నారు కాబట్టి పెట్టింది. వందల టన్నుల బండికి ఉన్న ఈ పాటి నియమం కోట్లమంది మాటలు వినే యంత్రానికి లేదు.

ఇక ఆ సమీక్ష ఎలా జరుగుతుందో చెబుతాను. జస్టిస్ శ్రీకృష్ణ పేరు తెలంగాణవాళ్లకు బాగా గుర్తు. 2010లో రాష్ట్ర విభజన మీద వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 2017లో వ్యక్తిగత సమాచార రక్షణ మీద వేసిన నిపుణుల కమిటీకీ ఆయనే నాయకత్వం వహించారు. కేంద్ర స్థాయి సమీక్షా సంఘం రెండు నెలలకోసారి కూర్చుంటుందనీ, ఒక్కో సమావేశంలో 15 వేల నుంచి 18 వేల ఉత్తర్వులు చూడాల్సి ఉంటుందనీ ఆ కమిటీ నివేదికలో ఉంది. కాస్త లెక్క వేసి చూడండి. ఎనిమిది గంటలు లేవకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లు కూడా రావు. రెండు సెకన్లలో పేరు చదవడం కూడా పూర్తికాదు. కారణం సబబేనా, గడువు దాటిందా, ఆ మనిషి బతికే ఉన్నాడా అని చూసేదెప్పుడు?

ఇతర దేశాల్లో దీనికి కొంత దారి వెతికారు. బ్రిటన్‌లో 2016 నాటి చట్టం ప్రకారం మంత్రి సంతకం పెట్టాక, న్యాయమూర్తి హోదా గల కమిషనరు కూడా ఒప్పుకుంటేనే ఫోను వినాలి. అమెరికాలో 1978 నుంచి ఇందుకోసం ప్రత్యేక న్యాయస్థానమే ఉంది. అయితే కోర్టు పెట్టినంత మాత్రాన సరిపోదని కూడా అమెరికాయే నేర్పింది. ఆ కోర్టు తలుపులు మూసుకుని, ప్రభుత్వ వాదన ఒక్కటే విని, దేశంలో అందరి ఫోను కాల్స్ వివరాలూ గంపగుత్తగా సేకరించడానికి ఒప్పుకున్నదని 2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టాడు. అనుమతిచ్చే చేయి వేరుగా ఉండాలి. దాని లెక్కలు జనం ముందుకూ రావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఫలం లేదు.

ఈ ఆలోచనలు పరాయి దేశాల నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి సుప్రీంకోర్టులో ఉండగా 1980 డిసెంబరులో మలక్ సింగ్ కేసు తీర్పు రాశారు. పంజాబులో కొందరి పేర్లు ఠాణాలోని నిఘా రిజిస్టరులోకి ఎక్కాయి. నేరాలు ఆపడం పోలీసుల ధర్మమే, అందుకు నిఘా పెట్టవచ్చన్నారాయన. ఆ నిఘా గుట్టుగా, హద్దుల్లో ఉండాలి, మనిషి స్వేచ్ఛకూ గౌరవానికీ అడ్డుపడే స్థాయికి పోకూడదన్నారు. పేరు ఎక్కించడానికి సహేతుకమైన నమ్మకం ఉండాలి, యాంత్రికంగా ఎక్కించరాదన్నారు. రౌడీషీట్ అనే మాట తెలియని బస్తీ హైదరాబాదులో ఉండదు. ఆ బస్తీల్లోని కుర్రాళ్లకు ఈ తీర్పు అవసరం.

ఇంకొకటి అచ్చంగా హైదరాబాదు కేసు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టాన్ని సవరించింది. కలెక్టరు పంపిన ఏ వ్యక్తి అయినా, స్టాంపు డ్యూటీ ఎగవేత ఉందేమో చూస్తానని బ్యాంకుకు గానీ ఇంటికి గానీ వెళ్లి, కాగితాలు తిరగేసి, స్వాధీనం చేసుకోవచ్చంది. కెనరా బ్యాంకు ఒప్పుకోలేదు. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, బ్యాంకు ఒకవైపు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2004 నవంబరులో ఆ సవరణ చెల్లదని తీర్పు వచ్చింది. ఏకాంతపు హక్కు మనిషికి సంబంధించింది, చోటుకు సంబంధించింది కాదు, నా కాగితం బ్యాంకు లాకరులో ఉన్నంత మాత్రాన నాది కాకుండా పోదన్నది అందులో కీలకం. ఇవాళ మన ఫొటోలు, ఉత్తరప్రత్యుత్తరాలు, ఆరోగ్యం వివరాలు అన్నీ ఏదో ఒక కంపెనీ కంప్యూటరులో ఉన్నాయి. ఆ తీర్పు విలువ ఇప్పుడే ఎక్కువ. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, జోక్యం ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. దుర్వినియోగం కాకుండా కట్టడి కూడా ఉండాలన్న మాట ఆ తీర్పులోనే వినిపించింది.

ఈ కొలతలతో మన వీధిలోకి వద్దాం. మౌలాలి కమాను దాటి లాలాపేట మీదుగా తార్నాక చౌరస్తా చేరి, అక్కణ్నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లేవాళ్లు దారి పొడవునా ఎన్నో కెమెరాల కంట పడతారు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల ఏడాదే, 2013లో, ఉమ్మడి రాష్ట్రం ప్రజాభద్రతా చర్యల చట్టం చేసింది. ఎక్కువమంది వచ్చిపోయే సంస్థలన్నీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి. తర్వాత 'నేను సైతం' పేరుతో కాలనీలు, దుకాణదారులు తలా కొంత వేసుకుని కెమెరాలు పెట్టే కార్యక్రమం వచ్చింది. 2021 నాటి పోలీసు పరిశోధనా సంస్థ గణాంకాల్లో దేశంలోని కెమెరాల్లో సగానికి పైగా ఒక్క తెలంగాణవే. 2 లక్షల 80 వేలు దాటాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటరు ప్రారంభమైంది. గొలుసు దొంగలు దొరికారు, తప్పిపోయిన పిల్లలు ఇల్లు చేరారు. కాదనను.

ఉత్త కెమెరా దృశ్యాన్ని దాస్తుంది. దానికి ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తోడైతే దారిన పోయే ప్రతివాడూ గుర్తింపు పరేడులో నిలబడ్డట్టే. 2018లో తెలంగాణ పోలీసులు టీఎస్‌కాప్ యాప్‌లో ఈ సదుపాయం చేర్చారు. 2020 జనవరిలో మా జిల్లాలోనే, మేడ్చల్ మల్కాజిగిరిలోని కొంపల్లి పురపాలక ఎన్నికల్లో, పది పోలింగు కేంద్రాల్లో ఓటర్ల ముఖాలు గుర్తుపట్టే ప్రయోగం చేశారు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు రోడ్డు మీద ఆపారు. మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు, ఎప్పుడు చెరిపేస్తారని ఆయన నోటీసు పంపారు. ఆ తర్వాత హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆయన అడిగిన మూడు ప్రశ్నలూ కనీస ప్రశ్నలు. ముఖాల గుర్తింపు కోసం ఈ దేశంలో ప్రత్యేకంగా చట్టమే చేయలేదు. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ పోలీసులు ఇదే పని చేస్తే, 2020 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు తప్పుపట్టింది. ఎవరి ముఖాలు వెతకాలో, ఎక్కడ కెమెరా పెట్టాలో మరీ ఎక్కువగా పోలీసుల ఇష్టానికి వదిలేయడం తప్పన్నది.

పొరపాటున గుర్తుపడితే ఏమవుతుంది? 2023 జనవరి చివర మెదక్ పోలీసులు ఒక కూలీని హైదరాబాదులో పట్టుకున్నారు. గొలుసు దొంగతనం దృశ్యాల్లోని మనిషికీ ఇతనికీ పోలికలున్నాయన్న అనుమానంతో. ఠాణాలో కొట్టారని అతనే ఆసుపత్రి మంచం మీంచి చెప్పాడు. ఫిబ్రవరిలో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంత తానే కేసు చేపట్టింది. కెమెరా చూపింది పోలిక మాత్రమే. ఆ పోలికను నేరంగా మార్చింది మనుషులు.

'తప్పు చేయనివాడికి భయమెందుకు' అని చాలామంది అడుగుతారు. మర్యాదగా అడిగే ప్రశ్నే, మర్యాదగానే జవాబు చెప్పాలి. ఏది తప్పో కాలాన్ని బట్టి మారుతుంది. 1938లో ఇదే ఉస్మానియాలో హాస్టలు విద్యార్థులు వందేమాతరం పాడారు. నిజాం ప్రభుత్వానికి అది నేరం. పిల్లల్ని విశ్వవిద్యాలయం నుంచి పంపేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. పదేళ్లు తిరిగేసరికి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది, నిన్నటి నేరం దేశభక్తి అయింది. ఆనాడు ప్రతి హాస్టలు గదిలో ఎవరేం పాడుతున్నారో వినే యంత్రం ఉండి ఉంటే ఆ ఉద్యమం మొదలయ్యేదా? తెలంగాణ ఉద్యమం కూడా క్యాంపస్‌లోనే ఊపిరి పోసుకుంది. 2020 జనవరి 18న ఉస్మానియా తెలుగు అధ్యాపకుడు కాసీంను క్యాంపస్ క్వార్టర్సులో అరెస్టు చేశారు, 2016 నాటి కేసులో. మర్నాడు ఆదివారమైనా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి తన నివాసంలోనే విచారణ జరిపారు. నాలుగేళ్లు అదే క్యాంపస్‌లో పాఠం చెప్పిన మనిషి పోలీసు కాగితాల్లో పరారీలో ఉన్నట్టెలా అయింది? ఇలాంటివి చూసిన విద్యార్థి క్లాసులో ప్రశ్న అడిగే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఏ రికార్డులోనూ కనబడని నష్టం ఇది.

భయానికి ఇంకో కారణం, నిఘా ఎప్పుడూ మొదలైన చోట ఆగదు. మావోయిస్టుల కోసం పుట్టిన యంత్రం రాజకీయ ప్రత్యర్థుల మీదికి తిరిగిందన్నదే కదా ఎస్ఐబీ కేసు. 2021 అక్టోబరులో గంజాయి మీద దాడుల పేరుతో హైదరాబాదు పోలీసులు బండి మీద పోయేవాళ్లను ఆపి, ఫోను తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట ఉందేమో వెతికారు. వీడియోలు అందరూ చూశారు. వారెంటు లేదు, పంచనామా లేదు. ఇప్పుడు గంజాయి, రేపు ఇంకో మాట. ఇల్లు సోదా చేయాలంటే పద్ధతి ఉంది. ఇంటికంటే ఎక్కువ దాచే ఫోనుకు ఆ మాత్రం పద్ధతి ఉండొద్దా?

మరేం చేయాలి? నావి నాలుగు మాటలు.

మొదటిది, అనుమతి. ఫోను వినడానికైనా, ముఖాలు వెతకడానికైనా ప్రభుత్వ సంతకంతో పాటు న్యాయమూర్తి సంతకం ఉండాలి. బాంబు పేలబోతున్న గంటలో కోర్టు చుట్టూ తిరగమంటారా అంటారు. అక్కర్లేదు. అత్యవసరంలో ముందు వినండి, రెండు మూడు రోజుల్లో న్యాయమూర్తికి కారణం చూపండి. చూపలేకపోతే విన్నది చెరిపేయండి.

రెండోది, అంకెలు. ఎవరి ఫోన్లు విన్నారో చెప్పమనడం లేదు. గత ఏడాది ఎన్ని ఉత్తర్వులిచ్చారు, ఎన్ని పొడిగించారు, సమీక్షలో ఎన్ని తప్పని తేలాయి, ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఇవి చెబితే చాలు. ఏ ఉగ్రవాదికీ ఈ అంకెల వల్ల లాభం లేదు. సమాచార హక్కు చట్టం నుంచి నిఘా విభాగాలకు మినహాయింపు ఇచ్చిన 24వ సెక్షను కూడా, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదంటుంది.

మూడోది, కెమెరా ముఖం పోలీసుల వైపు కూడా తిప్పాలి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో, లాకప్పు గదుల్లో సహా, రాత్రి కూడా కనిపించేలా, మాట వినిపించేలా కెమెరాలు పెట్టమంది. దృశ్యాలు కనీసం ఏడాది దాచమంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత సోదాలు, స్వాధీనాలు వీడియో తీయడం తప్పనిసరి చేసింది. వీధి మూల కెమెరా చెడిపోతే బాగుచేయిస్తారు. ఠాణా కెమెరా సరిగ్గా కావలసిన రోజే పనిచేయలేదంటే నమ్మబుద్ధి కాదు.

నాలుగోది మన చేతిలోనే ఉంది. కాలనీ కెమెరాలకు చందా వేసింది మనం. ఆ పెట్టె తాళం, పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నాయి? సెల్‌ఫోనులో చూసేదెవరు? రాత్రి షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా వచ్చే అద్దె ఇంటి అమ్మాయి రాకపోకలు సంఘం వాట్సాప్ గ్రూపులో చర్చకు వస్తున్నాయా? ఫుటేజీ ఎవరడిగారు, ఎందుకడిగారు, ఎవరిచ్చారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసే నియమం ఏ కాలనీ సంఘమైనా వచ్చే ఆదివారం సమావేశంలో పెట్టుకోవచ్చు. నెల దాటినవి చెరిపేయాలన్న నియమం కూడా. పొరుగువాళ్ల ఏకాంతానికి మనమే విలువ ఇవ్వకపోతే ప్రభుత్వాన్ని అడిగే నోరు మనకుండదు.

పార్టీలు మారతాయి. ఒకప్పుడు ఫోన్లు విన్నారని గగ్గోలు పెట్టినవారు అధికారంలోకి వస్తారు, అధికారంలో ఉన్నవారు ప్రతిపక్షంలో కూర్చుంటారు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇది చూశాం. మన చేతికొచ్చాక ఆ యంత్రం మంచిదేనని అందరికీ అనిపిస్తుంది. అందుకే ఏ పార్టీ వచ్చి దీన్ని బాగుచేస్తుందో అని ఎదురుచూడటం దండగ. మన ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా సరే, ఈసారి బస్తీకి వచ్చినప్పుడు రోడ్డు గురించి, నల్లా గురించి అడిగాక ఇంకొక్క ప్రశ్న అడగండి: నిరుడు ఈ రాష్ట్రంలో ఎన్ని ఫోన్లు వినడానికి ఉత్తర్వులిచ్చారో శాసనసభలో మీరు అడిగారా? అడగలేదంటే, అడగమనండి. అంకె చెప్పాల్సి వస్తుందని తెలిసిన రోజున సంతకం పెట్టే అధికారి కలం తీసే ముందు ఆ కాగితం చదువుతాడు.